టీ పెట్టె చెక్కకు పదకొండు మార్కులు

క్రమశిక్షణ గల మనిషి ఓడిపోయినప్పుడు కూడా క్రమశిక్షణతోనే ఓడిపోతాడు. నేను ఇక్కడ నివేదించబోయే అపజయంలో తొందరపాటు లేదు, నిర్లక్ష్యం లేదు, ఒక్క గీత కూడా వంకరగా లేదు. మూడు నెలల పాటు ఎర్ర సిరాతో, కొలబద్దతో, తేదీలతో, సంతకాలతో సహా నిర్దుష్టంగా సాధించుకున్న అపజయం అది. దాని ఫలితంగా కలకత్తా మహానగరంలో ఒక సందు మూతపడింది. ఒక అంబాసిడర్ కారు తన వెనుక బంపరును కోల్పోయింది. పన్నెండేళ్లుగా నాతో ఒక్క మాట మాట్లాడని మా అత్తగారు నోరు విప్పారు. ఈ మూడింటిలో ఏది పెద్ద ఉపద్రవమో చివరికి మీరే తేల్చండి.

అప్పటికి నాకు నలభై ఏళ్లు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సరుకుల నాణ్యతను పరీక్షించే అధికారిని. గొళ్లేలు, బకెట్లు, గొడుగులు, చీపుళ్లు, ఏవి వచ్చినా వాటిని వంచి, నానబెట్టి, నేలకేసి కొట్టి, చివరకు ఎర్ర పెన్సిలుతో తీర్పు రాయడం నా వృత్తి. కార్యాలయంలో ఆంగ్లంలో తిరస్కరించేవాణ్ణి, ఇంట్లో తెలుగులో తిరస్కరించేవాణ్ణి. నా భార్య విశాలాక్షి చేసిన పులిహోరకు ఒకసారి వందకు అరవై రెండు మార్కులు వేశాను. ఆ తరువాత వారం రోజులు నేను ఏమి తిన్నానో చెప్పడం ఇక్కడ అప్రస్తుతం.

అత్తగారు మాతోనే ఉండేవారు. విజయనగరం వైపు పాతకాలపు మర్యాద ఆవిడది. అల్లుడి ఎదుట పడరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. చెప్పవలసినది వంటింట్లో కూతురి చెవిలో చెబితే, కూతురు వచ్చి నాకు విన్నవించాలి. నా జవాబు మళ్లీ అదే మార్గాన తిరిగి వెళ్లాలి. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చేది. ప్రతి కార్యాలయంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంటే దేశం బాగుపడేదని కూడా అనేవాణ్ణి. కూతురు దగ్గర లేనప్పుడు మాత్రం ఆవిడ తలుపు వెనుక నుంచి ఒక దగ్గు దగ్గేవారు. 'నాదొక మాట ఉంది' అని దాఖలు చేసిన అర్జీ అది. ఆ దగ్గును గుర్తుంచుకోండి. ఈ కథలో నేను గుర్తుంచుకోనిది అదొక్కటే.

ఆ ఏడు ఆవిడకు ఒక కోరిక కలిగింది. కార్తీక పౌర్ణమికి పూరీలో సముద్రస్నానం, జగన్నాథ దర్శనం. చిక్కేమిటంటే ఆవిడకు చక్కెర వ్యాధి. వేళకు తినకపోతే కళ్లు తిరుగుతాయి. వైద్యుడు ఉపవాసాలను నిషేధించాడు. ఇక ఆవిడ మడి సంగతి చూస్తే, బయటి వంట ముట్టరు, హోటలు గడప తొక్కరు. తినకుండా వెళితే ప్రాణానికి ముప్పు, తిని వెళితే మడికి ముప్పు.

ఈ సమస్యను నేను ఒక ఆదివారం మా పక్కింటి బిశ్వాస్ బాబు ఎదుట పరిష్కరించాను. ఆయన మా సందులోని క్లబ్బుకు కార్యదర్శి. సందులో ఆకు రాలినా ఆయనకు ముందుగా తెలియాలి.

"అత్తగారు వంటింటికి దూరం కాలేరు కనుక, వంటింటినే పూరీకి తీసుకువెళతాను" అన్నాను.

పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఒక విదేశీ పత్రికను ఆయన ముందు పరిచాను. అందులో కారు వెనుక తగిలించి లాగే చెక్క ఇల్లు ఉంది. లోపల మంచం, పొయ్యి, కిటికీకి పూల తెర. పక్కన ఒక దొర, దొరసాని, ఒక కుక్క. దొరసాని స్థానంలో అత్తగారిని ఊహించుకున్నాను. కుక్కను తొలగించాను.

"ఆరే బాబా! ఇంట్లోనే తయారు చేస్తారా?" అన్నాడు బిశ్వాస్ బాబు.

"కార్తీక పౌర్ణమి నాడు మా అత్తగారు పూరీ సముద్రంలో స్నానం చేసి, తన మడి వంట తాను వండుకుని, వేళకు భోజనం చేస్తారు. ఇది నా మాట."

సాయంత్రానికి ఆ మాట సందు చివరి ఇస్త్రీ బండి దాకా చేరింది. ఇక వెనక్కి తీసుకోవడానికి అది నా మాట కాదు, సందు మాట.

అప్పుడే తలుపు వెనుక దగ్గు వినిపించింది. విశాలాక్షి లోపలికి వెళ్లి వచ్చింది.

"ఏమండీ, అమ్మ ఒక మాట చెప్పమంటోంది."

"ధన్యవాదాలు తరువాత చెప్పవచ్చు. ముందు సామగ్రి ఎంపిక."

చెక్క పనికి అప్పలసూరి వచ్చాడు. టెక్కలి వైపు మనిషి, మెటియాబ్రుజులో కాపురం. వారమంతా రేవులో ఓడ సరుకులకు పెట్టెలు కొట్టి, ఆదివారాలు తెలుగువాళ్ల ఇళ్లలో మంచాలు, బల్లలు బాగుచేసేవాడు. నేను గీసిన పటాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏటి బాబూ ఇది, మేడా?"

"కారు వెనుక లాగే ఇల్లు."

"లాగీదైతే తేలిగ్గుండాల కదా. టీ పెట్టెల సెక్క తెస్తాను బాబూ. పల్సగుంతాది, గట్టిగుంతాది. సట్రానికి ఓడలోంచి దిగిన పెట్టెల కర్ర ఏస్తాను. పైన తారుగుడ్డ. ఇద్దరం కల్సి ఎత్తీయొచ్చు."

"అప్పలసూరీ, మా అత్తగారిని టీ పెట్టెలో పెట్టి పూరీ పంపమంటావా?"

"ఆవిడ్ని కాదు బాబూ, ఆవిడ సుట్టూరా..."

"పరీక్షలు జరుగుతాయి. ఏది నెగ్గితే అది వాడతాము. వ్యక్తిగత అభిప్రాయాలకు తావు లేదు."

పాఠకులు ఇక్కడ కొంచెం శ్రద్ధ వహించాలి. ఆ రాత్రి కరెంటు పోతే లాంతరు వెలుగులో ఒక పట్టిక గీశాను. దృఢత్వం, మన్నిక, చెదను తట్టుకునే శక్తి, రూపం. ఒక్కొక్కదానికి ఇరవై ఐదు, వెరసి వంద మార్కులు. ఆ పట్టిక ఎంత అందంగా కుదిరిందంటే దాన్ని చూస్తూ రెండు గంటలు నిద్రపోలేదు. అందులో లేని గడి ఏదో మీరు ఇప్పటికే కనిపెట్టి ఉంటారు. మీకున్నపాటి తెలివి నాకు ఆనాడు ఉంటే మీరు ఈ వ్యాసం చదవవలసిన అవసరం ఉండేది కాదు.

తొమ్మిది రకాల చెక్క ముక్కలు తెప్పించాను. దృఢత్వ పరీక్షకు ఒక్కొక్కదాన్ని రెండు ఇటుకల మీద పెట్టి నేను స్వయంగా కూర్చున్నాను. మన్నిక పరీక్షకు స్నానాల నీటి డ్రమ్ములో వారం రోజులు నానబెట్టాను.

"ఈ పూట కుళాయి రాదు. డ్రమ్ములో చూస్తే అడవి ఉంది. స్నానం ఎలా చేయమంటారు?" అంది విశాలాక్షి.

"ముక్కల మధ్య నుంచి చెంబు ముంచు. సంఖ్యలు చెరగకుండా చూడు."

"సరే. అమ్మ ఒక మాట..."

"ఫలితాలు వెలువడ్డాక."

ఫలితాలు వెలువడ్డాయి. టీ పెట్టె చెక్క నా కింద ఫటేలున విరిగి, నన్ను ఇటుకల మధ్యకు జారవిడిచింది. దానికి వచ్చినవి పదకొండు మార్కులు. అందులోనూ ఆరు సువాసనకు దయతలచి వేసినవి. మిగిలిన పలక మీద పెద్ద అక్షరాలతో 'తిరస్కరించడమైనది' అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాను.

ప్రథమ స్థానం ఎవరిదని అడగండి. షాలిమార్ గూడ్సు యార్డు దగ్గర ఒక పాత సామాన్ల వర్తకుడు అమ్మకానికి పెట్టిన రైలు స్లీపర్లది! పట్టాల కింద ముప్పై ఏళ్లు పడుకుని లేచిన సాలకర్ర. నీటిలో వేస్తే నానలేదు, మునిగింది. సుత్తితో కొడితే సుత్తి పిడి విరిగింది. చెదపురుగు దాని దరిదాపులకు రాలేదు. నూటికి తొంభై ఎనిమిది. తారు వాసనకు రెండు తగ్గించాను.

"దీని మీద రైళ్లే నడిచాయి. మా అత్తగారిని మోయలేదా?" అన్నాను గర్వంగా.

అప్పలసూరి ఆ స్లీపరును ఒక కొస పట్టుకుని ఎత్తబోయి, మళ్లీ దించి, నడుం పట్టుకున్నాడు.

"ఇది మోస్తాది బాబూ. దీన్నెవడు మోస్తాడని."

"బరువు గుణమే కాని దోషం కాదు. ఇత్తడి బిందెను ఏమి చూసి కొంటారు? బరువు చూసే కదా."

"బిందికి సెక్రాలుండవు కదా బాబూ" అన్నాడు వాడు, తనలో తాను అనుకున్నంత మెల్లగా. నేను వినిపించుకోలేదు. తలుపు వెనుక దగ్గు కూడా వినిపించుకోలేదు.

గోడలకు టేకు నిర్ణయించాను. దానికోసం నిమ్తలా వెళ్లాను. అక్కడ కలప అడితులూ శ్మశాన ఘట్టమూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఈ విషయం నాకు తెలుసు. కాని ఎదుటివాడు నన్ను ఏ పక్షం కింద జమకట్టాడో తెలుసుకోలేదు.

నా ముఖంలోని సహజ గాంభీర్యాన్ని చూసి అడితి యజమాని లేచి నిలబడ్డాడు. "ఎవరికి దాదా?" అన్నాడు జాలిగా.

"మా అత్తగారికి."

"అయ్యో. మనిషి ఎలా ఉండేవారు? లావా, సన్నమా? దాన్నిబట్టి కర్ర చెబుతాను."

"సన్నగానే ఉంటారు. కాని వంట పాత్రలు, పొయ్యి కూడా ఉంటాయి."

ఆయన తెల్లబోయాడు. "పాత్రలు కూడానా? మీ దేశాచారం కాబోలు. ఏ వేళకు కావాలి?"

"తొందర లేదు. కార్తీక పౌర్ణమికి ప్రయాణం."

"అంటే... ఇంకా ఉన్నారా?"

"నిక్షేపంగా ఉన్నారు. సమయానికి వెతుక్కోవడం నాకు గిట్టదు. అన్నీ ముందుగా సిద్ధం చేసుకుంటాను. కర్ర మాత్రం మేలైన టేకు కావాలి. ఆవిడ అందులో ఎక్కువకాలం ఉండాలి."

ఆ యజమాని రెండు చేతులూ జోడించాడు. నా దూరదృష్టికి నమస్కరించాడని ఇంటికి వచ్చి విశాలాక్షితో చెప్పాను. ఆమె నా ముఖం వంక చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. లోపల ఇద్దరి నవ్వు వినిపించింది. అత్తగారి నవ్వు నేను వినడం అదే ప్రథమం.

ఇక నిర్మాణం సాగింది. అడుగున స్లీపర్లు, పైన టేకు పలకలు, వాటి మీద జింకు రేకు, మేకులకు బదులు ఇత్తడి మరలు, మడి వంటింటికి రాతి గట్టు. రాయి మీకు అతిగా తోచవచ్చు. దానికి తొంభై ఆరు మార్కులు వచ్చాయి, నేనేమి చేయను? మల్లిక్ బజారులో కొన్న పాత జీపు ఇరుసు మొదటి వారానికే ఊగిపోయింది.

"బాబూ, ఇరుసు ఒంగిపోతంది. ఇల్లింకా సగమే అయ్యింది."

"అయితే లారీ ఇరుసు తెద్దాము."

"మరి లాగీది కారు కదా. అది కూడా లారీయే తెచ్చీండి."

"వెటకారమా?"

"నేదు బాబూ, బయం."

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని లాగి చూడు అని వారిలో ఒక్కరూ అనలేదు. ఎందుకనలేదో నాకు ఆ తరువాత తెలిసింది.

పౌర్ణమికి అయిదు రోజుల ముందు బండి సిద్ధమైంది. ముదురు ఆకుపచ్చ రంగు, తెల్ల అంచులు, కిటికీకి పూల తెర. చూడటానికి పోస్టాఫీసులా ఎంతో గౌరవప్రదంగా ఉంది. మరునాడు బంద్. ఎవరి బందో ఇప్పుడు గుర్తు లేదు. ఆ రోజుల్లో కలకత్తాలో అధికారంలో ఉన్నవారూ బంద్ చేసేవారు, లేనివారూ చేసేవారు. నేను మాత్రం ప్రతి బంద్ నాడూ పట్టుదలగా ఆరు మైళ్లు నడిచి కార్యాలయానికి వెళ్లి, మూసిన తలుపు ముందు హాజరు వేయించుకున్నంత తృప్తితో తిరిగి వచ్చేవాణ్ణి. అటువంటి నేను ఆ ఒక్కరోజు సెలవు పెట్టాను. సందులో రిక్షాలు, కూరల బళ్లు ఉండవు కనుక, సందు మొగ దాకా లాగి పరీక్షించాలని.

బిశ్వాస్ బాబు క్లబ్బు మొత్తాన్నీ తీసుకువచ్చాడు. అప్పలసూరి కొక్కేన్ని మా అంబాసిడర్ కారు వెనుక బంపరుకు తగిలించాడు. నేను కారెక్కి, అద్దం సరిచేసుకుని, సంకేతం ఇచ్చి, ఇంజను నడిపించాను.

అంబాసిడరు అరిచింది. వణికింది. నల్లటి పొగ వదిలింది. ముందు చక్రాలు నేలను వదలడానికి ఆలోచించాయి. బండి మాత్రం కదలలేదు.

"తోయండి!" అన్నాను.

పాతికమంది భుజాలు ఆనించారు. "హేఁయో! హేఁయో!" బండి మూలిగి, ఒక అంగుళం కదిలింది. మరో అంగుళం. ఆవరణ దాటింది, వాలు దిగింది. దిగాక, తోసేవారి అవసరం లేకుండా తనంత తానుగా బయలుదేరింది.

"బాబూ, తప్పుకోండి! ఇల్లొచ్చెస్తంది!" అని అరిచాడు అప్పలసూరి.

నేను భయంతో కారును ముందుకు ఉరికించాను. ఫెళ్లుమని శబ్దమైంది. బంపరు బండితో ఉండిపోయింది, బరువు వదిలిన కారు లేడిపిల్లలా పెద్ద వీధిలోకి గెంతింది. వెనక్కి తిరిగి చూద్దును కదా, సందు మొగలో ఎవరో తవ్వి పూడ్చడం మరిచిన గోతిలో బండి చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఇటు గోడకూ అటు గోడకూ మధ్య మేకు దిగ్గొట్టినట్టు నిలిచింది. సందులోకి పిల్లి దూరే దారి లేదు.

పాతికమందీ మూల ఇంటి వసారా గుండా వీధిలోకి వచ్చి లాగారు. తోశారు. గునపాలు వేశారు. గునపం వంగింది. తొంభై ఎనిమిది మార్కులు ఊరికే రాలేదు సుమా!

సరిగ్గా అప్పుడే జెండాలతో, నినాదాలతో బంద్ జరిపించేవారి ఊరేగింపు వచ్చింది. అందరికంటే ముందున్న గడ్డం మనిషి బండి ముందు ఆగిపోయాడు. చుట్టూ తిరగబోయి, తిరిగే దారి లేక, చేత్తో తట్టి చూశాడు.

"ఇది ఎవరు పెట్టారు?"

బిశ్వాస్ బాబు నన్ను ముందుకు తోశాడు. "మా దాదా. మూడు నెలలు కష్టపడి కట్టాడు."

"మూడు నెలలా!" గడ్డం మనిషి తన వాళ్ల వైపు తిరిగాడు. "చూశారా? మీరు రెండు టైర్లు, ఒక విరిగిన బెంచీ అడ్డం పెట్టి బంద్ అంటారు. ఈయన రైలు స్లీపర్లు పెట్టాడు! ఇదీ నిబద్ధత అంటే! దాదా, మీరు ఎప్పటినుంచి మా వైపు?"

"నేను ఎవరి వైపూ కాదు. పూరీ వైపు" అన్నాను.

అది వినయమనుకున్నారు. నా మెడలో దండ వేశారు. బంద్ నాడు సెలవు పెట్టని వంశంలో పుట్టిన నేను, నగరంలోకెల్లా మేలైన అడ్డుకట్ట నిర్మించినందుకు, విరిగిన బంపరు చేత్తో పట్టుకుని, దండతో నిలబడ్డాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడి గురించి విన్నారు కదా. నేను ఎలుకను ఎక్కించడానికి కొండను కట్టినవాణ్ణి.

ఊరేగింపు సాగిపోయింది. సందు ప్రజలు బండిని, నన్ను మార్చి మార్చి చూస్తున్నారు. పౌర్ణమికి నాలుగు రోజులు. నా మాట గోతిలో ఉంది.

అప్పుడు జనం రెండుగా చీలారు. అత్తగారు! తలుపు దాటి, తెర దాటి, గేటు దాటి, మూల ఇంటి వసారా దాటి, పన్నెండేళ్ల మర్యాద దాటి వచ్చారు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని బండిని కింది నుంచి పైదాకా చూశారు. తరువాత నన్ను చూశారు.

"అల్లుడుగారూ."

నేను బంపరు కింద పెట్టి చేతులు కట్టుకున్నాను.

"రథం బాగుంది. జగన్నాథుడి రథమూ ఇంతే. ఊరందరూ లాగితే గాని కదలదు. కాని ఇది దేనికి కట్టారు?"

"మీ మడి కోసం. పూరీలో మీరు బయటి తిండి..."

"పూరీలో మడేమిటి నాయనా?" అన్నారు ఆవిడ, చిన్న పిల్లవాడికి చెప్పినట్టు. "లోకంలో ఎక్కడైనా మడి ఉండవచ్చు, అక్కడ లేదు. స్వామి ప్రసాదానికి అంటు లేదు, ఎంగిలి లేదు, ఎవరి పక్కన ఎవరైనా కూర్చుని తినవచ్చు. సర్వం జగన్నాథం అని ఎందుకన్నారు? నేను దర్శనం కాగానే ప్రసాదం తింటాను. రైలులో ఆ ఒక్క పూటకీ నేను వేయించుకున్న అటుకులు, నాలుగు అరటిపళ్లు చాలు."

ఇస్త్రీ పెట్టెలో బొగ్గు చిటపటలు వినిపించాయి.

"మరి... ఈ మాట ముందే..."

"ఏడుసార్లు చెప్పబోయాను" అంది విశాలాక్షి వెనుక నుంచి. "మొదటిసారి సామగ్రి ఎంపిక అన్నారు. ఒకసారి ఫలితాలు వెలువడాలన్నారు. కడపటిసారి సూచనలన్నీ రాతపూర్వకంగా పంపమన్నారు."

"రాయడానికి నాకు మీ ఎర్ర పెన్సిలు దొరకలేదు నాయనా" అన్నారు అత్తగారు.

ఆవిడ నాతో మొదటి రోజు మాట్లాడిన మాటలు ఇవి. పన్నెండేళ్లలో దాచుకున్నవన్నీ ఒక్కసారి ఖర్చు పెట్టారనిపించింది.

రైలులో చోటు అప్పలసూరి సంపాదించాడు. "మా తోడల్లుడు హౌరాలో కూలీ బాబూ. తువ్వాలేసి నాలుగు సీట్లు ఆపుతాడు. నాకూ జగన్నాతుడ్ని సూడాలనుంది." రిజర్వేషను లేకుండా ఏనాడూ ప్రయాణించని నేను ఒక గళ్ల తువ్వాలు బలం మీద కూర్చుని పూరీ వెళ్లాను. అత్తగారి అటుకులు, అరటిపళ్లు, పట్టుబట్ట పెట్టుకోవడానికి అప్పలసూరి ఒక చిన్న పెట్టె చేసి తెచ్చాడు. ఆవిడ దాన్ని ఒక్క చేత్తో ఎత్తి చూసి, "గాలిలా ఉందిరా అబ్బీ" అని మురిసిపోయారు.

పౌర్ణమి నాడు స్నానమైంది, దర్శనమైంది. ప్రసాదం దగ్గర నేల మీద అందరం కూర్చున్నాము. నేను తాకిన గ్లాసు కడిగించే మా అత్తగారు అప్పలసూరి పక్కనే మఠం వేసుకుని, ఒకే కుండలోని అన్నమూ పప్పూ అతనితో కలిసి, వేళకు, కడుపునిండా తిన్నారు. నా ఆకులో కూడా తమ చేత్తో ఒక ముద్ద పెట్టారు. అంతవరకు ఆవిడ చేతి ముద్ద నేను తినలేదు. దానికి ఎన్ని మార్కులో రాయడానికి నా పట్టికలో చోటు లేదు.

పక్కన కూర్చున్న ఒక తెలుగు యాత్రికుడు అత్తగారి పెట్టె వంక తేరిపార చూశాడు.

"పెద్దమ్మగారూ, ఈ పెట్టె మీద ఎర్రగా ఏదో రాసి ఉందే. 'తిరస్కరించడమైనది'. కింద సంతకం కూడా. ఏమిటిది?"

నేను అన్నంలో తల దాచుకున్నాను. పదకొండు మార్కుల టీ పెట్టె పలక అది. అప్పలసూరి ఆ రాత వైపునే బయటకు పెట్టి బిగించాడు.

"అదా? మా అల్లుడుగారు పరీక్షించి ఇచ్చినది" అన్నారు అత్తగారు చల్లగా. "ఆయన కాదన్నదే పూరీ చేరింది. అవునన్నది మా సందు మొగలో ఉంది."

ఇప్పటికీ ఉంది. క్లబ్బువారు దాని చక్రాల చుట్టూ సిమెంటు పోసి, పక్క గోడ కొట్టి మనుషులు నడవడానికి దారి చేసుకుని, లోపల క్యారమ్ బల్ల వేసుకున్నారు. ఎన్ని వానలు కురిసినా కారలేదు, ఒక్క చెదపురుగు పట్టలేదు. ఆ విషయంలో నా పట్టిక అక్షరాలా నిజమైంది.

కనుక నేను సముద్రం సాక్షిగా, పూరీ ఇసుకలో తూర్పు ముఖంగా నిలబడి చేసిన ప్రతిజ్ఞను ఇక్కడ యథాతథంగా నమోదు చేస్తున్నాను: ఇకమీదట చక్రాలున్న దేనినీ నేను నిర్మించను. నిర్మించవలసి వచ్చినా, తలుపు వెనుక దగ్గు వినిపించిన మరుక్షణం ఎర్ర పెన్సిలు కింద పెట్టి, లేచి నిలబడి, "చెప్పండి అత్తగారూ" అంటాను.

ఈ ప్రతిజ్ఞను విశాలాక్షికి చదివి వినిపించాను. వందకు అరవై రెండు వేసింది.